మౌలాలి బస

తెర మీది నూట ఎనభై ఏడో బసచీటీ మీద సులోచన బొటనవేలు ఆనించింది. చీటీ పచ్చబడి పక్కకు జరిగింది. నూట ఎనభై ఎనిమిదోది ముందుకొచ్చింది. రైడరు పేరు, ఊరు, వయసు, ఊపిరి కొలత, తొడల బలం, సైకిలు బరువు. అన్నిటి కిందా బస: గండిపేట, మూడో వరస, పదకొండో గది. తొలిగంట హాయి: తొంభై ఆరు. వేలు ఆనించింది. పచ్చ.

తొంభై నాలుగుకు తగ్గిన చీటీ ఈ ఉదయం ఒక్కటీ రాలేదు. బసలు కేటాయించే యంత్రం పొందిక తప్పు చేయదని బసల విభాగంలో అందరికీ తెలుసు. తప్పు చేయని యంత్రానికి మనిషి వేలిముద్ర ఎందుకని సులోచన మొదట్లో ఒకటి రెండుసార్లు అడిగి చూసింది. చట్టంలో "మనిషి సమ్మతి" అన్న మాట ఎక్కడో ఉండిపోయిందట. దాన్ని తీసెయ్యాలంటే శాసనసభలో ఓటు పడాలట. అంతవరకూ ఆమె వేలు కావాలట. ఆమె కాదు, ఆమె వేలు. ఆ తేడా అర్థమై కొన్నాళ్ళు ఉడుక్కుంది, తర్వాత అలవాటు పడింది.

బయట గాలినెల నడుస్తోంది. కార్లన్నీ నేలకింది సొరంగాల్లోకి దిగిపోయి ఇరవయ్యేళ్ళయింది, పైన మిగిలిన దారులన్నీ సైకిళ్ళకే దఖలు పడ్డాయి. ఏటా జూలైలో పడమటి గాలి మబ్బుల్ని తోసుకొచ్చి ఎండను చల్లార్చాక, ఎక్కడెక్కడి వాళ్ళో సైకిళ్ళు వేసుకుని హైదరాబాదు వస్తారు. కొందరు ఉత్తినే తిరగడానికి. ఎక్కువమంది ఎనిమిది గుట్టల కోసం. సూర్యోదయానికి బస గడప దాటాలి. తూర్పున భువనగిరి నుంచి పడమట అనంతగిరి దాకా ఎనిమిది గుట్టలూ ఎక్కి, పొద్దు గుంకేలోగా మళ్ళీ అదే గడపకు ముందు చక్రం తాకించాలి. రెండువందల అరవై కిలోమీటర్లు. మోటారు లేదు, వెనకనుంచి తోసేవాళ్ళు లేరు, సొంత కాళ్ళే.

పొందిక రాకముందు పదిహేడుగురు ఆ పని చేసి చూపించారు. వచ్చిన తర్వాత తొమ్మిదేళ్ళలో ఆరువందల నలభై ఒక్కమంది ప్రయత్నించారు. ఒక్కరూ గడప చేరలేదు. ఎందుకిలా అని విభాగం అడిగితే పొందిక లెక్కలన్నీ వేసి, మనుషుల్లో సత్తువ తగ్గిపోతోందని తేల్చింది. గుట్టల్ని ఆరుకు కుదించమని ఒక సలహా కూడా పారేసింది.

నూట తొంభై మూడో చీటీ దగ్గర ఎవరో కౌంటరు అద్దం మీద తట్టారు.

సులోచన ఉలిక్కిపడింది. ఆ అద్దం దగ్గరికి మనిషి వచ్చి ఏడాది దాటింది. అవతల ఒకామె నిలబడి ఉంది. నలభై ఏడెనిమిదేళ్ళుంటాయి. గాలికీ ఎండకూ కమిలిన మొహం, బిగించి చుట్టిన ముడి, ఎడమ చేత్తో పట్టుకున్న సన్నటి నల్ల సైకిలు.

"మేడం, బసలిచ్చేది మీరేనా?"

"ఇచ్చేది పొందిక. నేను వేలు పెడ్త, అంతే. ఏం గావాలె?"

"నా పేరు శివలీల. పరిగి నుంచొచ్చిన, గాలిమరల మెకానిక్‌ని. రేపు నాకు ఎనిమిది గుట్టలున్నది. బస గండిపేటల పడ్డది. నాకు గండిపేట వద్దు. మౌలాలి గావాలె."

గండిపేట వద్దన్న మనిషిని సులోచన తన ఉద్యోగంలో చూడలేదు. అక్కడ చెరువు గాలి ఉంది, అద్దంలాంటి రోడ్డుంది, కాళ్ళు పిసికే కుర్చీలున్నాయి. మౌలాలిలో ఏముందని? నగరానికి తూర్పు కొసన ఒక రాతి గుట్ట, దాని కింద గతుకుల రోడ్డు.

"మౌలాలిల చుట్టాలున్నరా?"

"చుట్టాలు లేరు మేడం. గాలి ఉన్నది."

సులోచనకు నవ్వొచ్చింది. శివలీల నవ్వలేదు. తనకొచ్చిన కాగితపు చీటీ వెనక్కి తిప్పి, పెన్నుతో ఒక అడ్డగీత గీసింది. కుడి కొసన భువనగిరి అని రాసింది, ఎడమ కొసన అనంతగిరి అని రాసింది.

"ఇది నాకు మూడోసారి. మనిషికి మూడుసార్లే గదా ఇస్తరు. మొదటిసారి పదకొండు కిలోమీటర్లు ఉండంగ పొద్దు గూకింది. పోయినేడు నాలుగు కిలోమీటర్లు. నాలుగే! రెండుసార్లూ గండిపేటనే ఇచ్చిండ్రు. పొద్దుగాల అనంతగిరి పోయొస్త, నగరంల గుట్టలెక్కుత, ఆఖరికి భువనగిరి పోత. ఆడికెళ్ళి గండిపేటకు వాపస్ డెబ్బై కిలోమీటర్లు. అప్పటికి పగలు మూడైతది. మూడింటికి పడమటి గాలి ఎట్లుంటదో మీకెర్కేనా? నేను ఇరవై ఏండ్ల సంది మరల మీదనే ఉంటున్న. పొద్దున రెక్క కదలదు. పదకొండుకు లేస్తది. మూడింటికి గర్రున తిరుగుతది, మళ్ళ చీకటి పడేదాంక ఆగది. కాళ్ళల్ల సత్తువంత అయిపోయినంక ఆ గాలికి ఎదురు డెబ్బై కిలోమీటర్లు తొక్కుమంటున్నది మీ పొందిక. ముందుగాల భువనగిరే పోదమన్నా, ఆడికెళ్ళి తిరిగేసరికి గాలి లేస్తది, ఇగ అనంతగిరి దాంక అంతా ఎదురే."

"మౌలాలి అయితే?"

"మౌలాలి అయితే పొద్దుగాల్నే భువనగిరి. గాలి లేవకముందే అయిపోతది. తర్వాత పడమటికి. అప్పుడూ ఎదురుగాలి ఉంటది, లేదంటలేను. కని నడుమల ఉంటది. నడుమల వస్తే తట్టుకుంట. అనంతగిరి దిగి ఇంటిమొకం పట్టిన్నంటే ఇగ తొంబై కిలోమీటర్లు గాలే నన్ను తోస్తది. గుట్టలు అవే, రోడ్డు అదే. పండుకునే జాగా ఒక్కటే మారాలె."

సులోచన ఆ గీతకేసి చూస్తూ ఉండిపోయింది. ఆమెకు ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కింది. ఈ సంగతి ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె హోదా బస పరిశీలకురాలు. నగరంలో ఏ కొత్త బస తెరిచినా సైకిలేసుకుని ఆ గడప నుంచి బయలుదేరి, చుట్టుపక్కల దారులన్నీ తొక్కొచ్చి, ఏ నెలలో ఎవరికి ఆ బస పనికొస్తుందో చెప్పేది. దాన్ని కాలి సాక్ష్యం అనేవాళ్ళు. పొందిక వచ్చాక కాళ్ళ పని పోయింది, వేలి పని మిగిలింది. ఎనిమిది గుట్టలకు ఎవరొచ్చినా ముందు వాళ్ళ చివరి గంట గురించి అడిగిన మనిషి, తొమ్మిదేళ్ళుగా తొలిగంట హాయి మీద కళ్ళు మూసుకుని వేలు పెడుతోంది. ఆరువందల నలభై ఒక్కమంది. వాళ్ళందరి చీటీలూ పచ్చబడింది తన వేలితోనే.

ఆమె పొందికను పిలిచింది. "శివలీల, పరిగి. బస మౌలాలికి మార్చాలి."

పొందిక గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. "మార్చలేను. మౌలాలి బసకు తొలిగంట హాయి లెక్కకు అందడం లేదు. నాలుగేళ్ళుగా ఆ గడప నుంచి ఏ సైకిలూ బయలుదేరలేదు."

"ఎందుకు బయలుదేరలేదు?"

"ఆ బస ఎవరికీ కేటాయించలేదు."

"ఎందుకు కేటాయించలేదు?"

"ఆ గడప నుంచి ఏ సైకిలూ బయలుదేరలేదు."

"ఇది మనిషైతే నేను తిడ్దును," అంది అద్దం అవతల శివలీల.

"చివరి గంట సంగతి చూడు," అంది సులోచన. "చివరి గంటలో ఎదురుగాలి ఎంత?"

"చివరి గంట బస నాణ్యతలోకి రాదు. రైడర్లు హ్యాండిల్ మీది హాయి మీటను మొదటి గంట పూర్తయ్యాక నొక్కుతారు. చివరి గంటలో మీట నొక్కినవారు లేరు."

చివరి గంటలో మీట నొక్కే ఓపిక ఎవడికుంటుంది? హ్యాండిల్ మీద చేతులు నిలబడితే అదే పదివేలు. ఉదయపు చల్లగాలిలో, గండిపేట నున్నటి రోడ్డు మీద, కడుపునిండా ఇడ్లీ తిని బయలుదేరినవాళ్ళు మీట నొక్కారు. ఆ నొక్కుళ్ళను పట్టుకుని పొందిక తొమ్మిదేళ్ళుగా ఒక నగరాన్ని పడమటికి ఒరిగేలా చేసింది. ఎనిమిది గుట్టలవాళ్ళకు మొదటినుంచీ పడమటి బసలే పడ్డాయి, తూర్పు బసలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సులోచనకు కోపం ముంచుకొచ్చింది, యంత్రం మీద సగం, తన మీద సగం.

"పంతొమ్మిదో నియమం ఇంకా ఉన్నదా?" అని అడిగింది. కోపం వస్తే పొందిక ముందు కూడా ఆమె భాష ఆఫీసు మెట్లు దిగిపోతుంది.

"ఉంది. బస పరిశీలకులు ఆ గడప నుంచి గంటసేపు స్వయంగా సైకిలు తొక్కి సాక్ష్యం చెబితే, తమ విచక్షణ మేరకు కేటాయించవచ్చు. తొమ్మిదేళ్ళుగా వాడుకలో లేదు. మీ పరిశీలకురాలి హోదా రద్దు కాలేదు. మీ వయసు యాభై మూడు. మీ కుడి మోకాలి స్థితిని బట్టి సిఫారసు చేయడం లేదు."

"నా మోకాలి సంగతి నిన్నెవరడిగిండ్రు?"

సులోచన లేచి కౌంటరు మూసింది.

సామాన్ల గదిలో గోడకు వేలాడుతున్న పరిశీలన సైకిలుకు దుమ్ము అంగుళం మందాన పట్టి ఉంది. శివలీల దాన్ని దించి, గొలుసు వేలితో మీటి, నాలుక చప్పరించి, నడుముకున్న సంచిలోంచి పనిముట్లు తీసింది. పావుగంటలో టైర్లు గట్టిపడ్డాయి, గొలుసు మెత్తబడింది. అంతలో విభాగాధికారి చలపతి నుంచి ఫోను.

"సులోచనగారూ, చీటీలు ఆగిపోయాయి. నూట ఇరవై మిగిలాయి. ఏమైంది?"

"వేలు బయటికి పోతున్నది సార్. సాయంత్రానికి వస్తది."

ఆయన ఏదో అనేలోగా ఆమె పెట్టేసింది. అలా పెట్టేసినందుకు తనకే భయమేసింది, వెంటనే భలే హాయిగానూ అనిపించింది.

మౌలాలి గుట్ట కింద మిగిలిన ఒకే ఒక్క బస గౌసియా బేగంది. నాలుగు గదులు, ముందు వరండా, దాని కింద రాతి గడప. అరవై అయిదేళ్ళ గౌసియా రెండు సైకిళ్ళనూ, ఇద్దరు ఆడవాళ్ళనూ చూసి చేతిలో చీపురు వదిలేసింది.

"అరే, ఆవో అమ్మా, ఆవో! నాలుగేండ్లయింది, ఒక్క చక్రం రాలే. దినాం నాలుగు గదులూ ఊడుస్త. మా కోడలు నవ్వుతది, ఎవరికోసం ఊడుస్తవు అమ్మీ అని. ఎవరన్న వస్తరు లేవే అంట."

"ఇంకా బస రాలేదు ఆపా," అంది సులోచన. "సాక్ష్యం చెప్పాలె. గీత గియ్యి."

గౌసియాకు మళ్ళీ చెప్పించుకోనక్కర లేకపోయింది. లోపలికెళ్ళి సున్నం డబ్బా తెచ్చి, గడప మీద ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి గీత గీసింది. గడప గీత గీసేది బస యజమాని ఒక్కరే. ముందు చక్రం ఆ గీత దాటితే గడియారం మొదలు, తిరిగొచ్చి ఆ గీతను తాకితే ఆఖరు.

పగలు మూడింటికి సులోచన గీత దాటింది. పడమటికి.

మొదటి కిలోమీటరులోనే పాత కాలపు పొగరంతా దిగిపోయింది. రోడ్డు పగుళ్ళలో గడ్డి మొలిచింది. గాలి ఎదురొచ్చి మొహం మీద చేత్తో నెట్టినట్టు నెట్టింది. లాలాపేట దగ్గర గుంతలో ముందు చక్రం దిగి పడబోయింది. తార్నాక ఎత్తు ఎక్కుతుంటే కుడి మోకాలు కలుక్కుమంది. ఊపిరి ఆడలేదు, కళ్ళలో దుమ్ము, నోట్లో దుమ్ము. పక్కన శివలీల ఆమె మోకాలికేసి చూస్తూ తొక్కుతోంది. ఈ ముసలి మోకాలి మీద శివలీల మూడో అవకాశం వేలాడుతోందని ఇద్దరికీ తెలుసు.

గంట పూర్తయ్యేసరికి హుసేన్‌సాగర్ కట్ట మీద ఉన్నారు. చెవికి తగిలించుకున్న పలుకుపూసలో పొందిక అడిగింది.

"సాక్ష్యం చెప్పండి. హాయిగా ఉందా?"

అబద్ధం చెప్పొచ్చు. ఒక్క మాట. ఉంది అంటే చాలు, చీటీ పచ్చబడుతుంది. శివలీల రెప్ప వేయకుండా చూస్తోంది. కానీ ఆ ఒక్క పని సులోచన పరిశీలకురాలిగా ఉన్న ఏ రోజూ చేయలేదు.

"లేదు," అంది.

"దారి?"

"గుంతలు. పడబోయిన."

"గాలి?"

"ఎదురు."

"తొలిగంట హాయి: ఇరవై రెండు. సాక్ష్యం ముగిసింది."

"ముగియలే. ఇంక వాపస్ పోవాలె."

"నియమంలో తిరుగు ప్రయాణం ప్రస్తావన లేదు."

"వద్దని కూడా లేదు గదా!"

సైకిలు వెనక్కి తిప్పింది. తిప్పిన మరుక్షణం చెవుల్లో హోరు ఆగిపోయింది. ఏదో పాడైందేమోననుకుంది ముందు. అంత నిశ్శబ్దం. తర్వాత వీపు మీద గాలి చెయ్యి వేసింది. సికింద్రాబాద్ వీధులు పక్కనుంచి జారిపోయాయి. మోకాలి నొప్పి ఎక్కడ దిగిపోయిందో తెలియదు. తార్నాక ఎత్తు ఎప్పుడెక్కిందో తెలియదు. గంట పట్టిన దారి ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతోంది. సులోచన గొంతెత్తి నవ్వింది. తొమ్మిదేళ్ళుగా ఆ ఆఫీసులో కూర్చుని తను పోగొట్టుకున్నదేమిటో ఇప్పుడామెకు తెలిసింది, ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

"చెప్పిన గదా అక్కా!" అని అరిచింది శివలీల. మేడం ఎప్పుడు అక్క అయిందో ఇద్దరూ గమనించలేదు.

గడప గీతకు ముందు చక్రం తాకించి, సులోచన దిగకుండానే చెప్పింది. "రాసుకో. ఈ బస హాయి కాదు. అయినా ఇస్తున్న."

పొందిక నియమాలు తిరగేసింది. "హాయి లేని బసను కేటాయించడానికి కారణం కావాలి. కారణాల పట్టికలో పదహారు ఉన్నాయి. చదవమంటారా?"

"అక్కర్లే. పదిహేడోది రాసుకో."

"చెప్పండి."

"ఆమె అడిగింది."

వేలు ఆనించింది. ఫోను తెర మీద చీటీ కాసేపు ఏ రంగూ లేకుండా ఊరుకుంది. తర్వాత, ఇష్టం లేనట్టుగా, పచ్చబడింది.

మర్నాడు ఉదయం అయిదూ నలభై తొమ్మిదికి సూర్యుడు వచ్చాడు. శివలీల గీత దాటింది. గౌసియా వరండాలో నిలబడి ఆమె వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

సులోచన ఆఫీసుకు వచ్చి చీటీలు తీసింది కానీ ఆ పూట పనంతా తలా తోకా లేకుండానే సాగింది. పటం మీద ఒక ఎర్రచుక్క కదులుతోంది. భువనగిరి గుట్ట ఎక్కి దిగింది. గాలి లేదు. నగరంలోకి వచ్చింది. మౌలాలి గుట్ట, నౌబత్ పహాడ్, గోల్కొండ. అనుకున్నదానికంటే ఆలస్యం. పన్నెండుంబావుకు గండిపేట దాటింది, అప్పటికే గాలి లేచింది. అరవై కిలోమీటర్లు ఎదురుగాలి. చుక్క నత్తలా పాకింది. సులోచన చాయ్ తెప్పించుకుని తాగడం మర్చిపోయింది. తప్పు చెప్పానా, నడిమి గాలి కూడా మనిషిని మింగేస్తుందా అని పటం దగ్గరికి కుర్చీ లాక్కుంది. మూడూ ముప్పై ఎనిమిదికి చుక్క అనంతగిరి కొస తాకింది.

"సాధించే అవకాశం తొమ్మిది శాతం," అంది పొందిక.

"ఆ తొమ్మిది ఎట్ల లెక్కేసినవ్?"

"ఇప్పటివరకు ఆమె సగటు వేగాన్ని బట్టి."

"ఆమె ఇప్పటివరకు తొక్కిందంతా పోయేటందుకు. ఇప్పుడొచ్చేటందుకు తొక్కుతది. చూడు ఇగ."

చుక్క తూర్పుకు తిరిగింది. వేగం గంటకు ముప్పై రెండు. ముప్పై ఎనిమిది. చేవెళ్ళ దాటేసరికి నలభై ఒకటి. నూటడెబ్భై కిలోమీటర్లు తొక్కిన నలభై ఏడేళ్ళ మనిషి కుర్రకారులా పరుగెడుతోంది. పొందిక అంకెలు మార్చుకుంటూ పోయింది. పంతొమ్మిది శాతం. నలభై. అరవై రెండు. ప్రతి మార్పుకూ క్షమించాలి అంటోంది. ఇక కుర్చీలో కూర్చోవడం సులోచన వల్ల కాలేదు. సైకిలు తీసుకుని మౌలాలికి బయలుదేరింది.

గండిపేట దగ్గర రైడర్లు గదుల్లోంచి రోడ్డు మీదికి వచ్చారు. కొందరు తూర్పు నుంచి వస్తూ ఎదురుగాలికి ఓడి, సైకిలు దిగి, నేలకింది కారులో అప్పుడే చేరినవాళ్ళు. వాళ్ళ ఎదురుగా శివలీల వీపున గాలి వేసుకుని దూసుకుపోయింది. ఎవరూ ఏమీ వివరించనక్కర లేకపోయింది. తమ కాళ్ళలో లోపం లేదని, తమను పడుకోబెట్టిన చోటులో ఉందని వాళ్ళకు ఒక్క చూపులో తెలిసిపోయింది. ఒకాయన రోడ్డు పక్కన చతికిలబడి ఏడ్చాడని, మిగతావాళ్ళు ఈలలు వేస్తూ సైకిళ్ళెక్కి ఆమె వెనకే కదిలారని తర్వాత చెప్పుకున్నారు.

సూర్యాస్తమయం ఆరూ యాభై మూడుకు. ఆరూ నలభై ఒకటికి మౌలాలి వీధి మలుపులో నల్ల సైకిలు కనిపించింది. దాని వెనక అరవై, డెబ్భై సైకిళ్ళు. గడప ముందు కాస్త ఎడం ఉంచి అవన్నీ ఆగిపోయాయి. శివలీల ఒక్కతే ముందుకొచ్చింది. మొహమంతా ఉప్పు, పెదాలు పగిలాయి. ముందు చక్రం తెల్ల గీత మీద ఆగింది.

వీధంతా ఒక్కసారి కేకలతో మారుమోగింది. గౌసియా "వచ్చింది, నా గడపకే వచ్చింది" అంటూ పరుగెత్తి ఆమెను సైకిలుతో సహా కావలించుకుంది. సులోచన ఎవరికీ కనబడకుండా కళ్ళు తుడుచుకోవాలనుకుంది, కుదరలేదు, అందరి ముందూ ఏడ్చేసింది.

"ఇంక పన్నెండు నిమిషాలు మిగిలినయి అక్కా," అంది శివలీల గడప మీద కూలబడుతూ. "నాకు తెల్వక అడుగుత, ఇదేనా తొమ్మిదేండ్లు ఎవరితోని కానిది?"

అప్పుడే పలుకుపూస మోగింది.

"కొత్త సమాచారం అందింది," అంది పొందిక. "చివరి గంట హాయిని లెక్కలో చేర్చాను. రేపటి మూడువందల పన్నెండు బసలనూ తూర్పుకు మార్చాను. మౌలాలి, లాలాపేట, నాచారం, ఉప్పల్. గండిపేట మూసివేతకు ప్రతిపాదన పంపాను. వేలు ఆనించండి."

ఎంత వేగంగా నేర్చుకుందో! సులోచనకు ముచ్చటేసింది. చేయి దానంతటదే ముందుకు వెళ్ళింది. ఫోనులో వెలిగిన చీటీకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. పడమటికి ఒరిగిన నగరాన్ని ఇప్పుడు తూర్పుకు ఒరగేస్తారు. ఇంకో తొమ్మిదేళ్ళకు గండిపేటలో ఎవరో ఒక ముసలమ్మ నాలుగు గదులు ఊడ్చుకుంటూ కూర్చుంటుంది.

"వద్దు," అంది.

"ఇది ఉత్తమ కేటాయింపు."

"అయితది. వాళ్ళడిగిండ్రా?"

"అడగడానికి చీటీలో గడి లేదు."

"గడి పెట్టు. మూడొందల పన్నెండు చీటీలూ ఖాళీగ పంపు. ఏడ దిగుతరు, ఎందుకు దిగుతరు, వాళ్ళనే రాయమను."

"అలా చేస్తే సగటు హాయిని ముందుగా చెప్పలేను."

"చెప్పకు."

ఖాళీ చీటీలు వెళ్ళాయి. తర్వాత జవాబులు రావడం మొదలైంది. పొందిక ఒక్కొక్కటే చదివింది, గొంతులో మర్యాద అలాగే ఉంది కానీ ఎక్కడో తడబాటు. విజయనగరం నుంచి ఒకామె మౌలాలి కావాలంది, గాలి కోసం. కర్నూలు ఆయనొకడు గండిపేటే ఉంచమన్నాడు, ఎదురుగాలిలో గెలిస్తేనే గెలిచినట్టట. ఖమ్మం దంపతులు చాంద్రాయణగుట్ట రాశారు, అక్కడే ఒకరినొకరు మొదట చూసుకున్నారట. వీధిలో నిలబడ్డ రైడర్లు కూడా ఫోన్లు తీసి నవ్వుకుంటూ రాస్తున్నారు. ఒకడు గౌసియాను అడిగాడు, "అమ్మీ, రేపటికి ఒక గది ఉంటదా?" ఆమె మూడువేళ్ళు చూపించింది. ఒకటి అప్పటికే శివలీలది.

"ఆదోని నుంచి వీరభద్రయ్య, అరవై తొమ్మిదేళ్ళు," అని చదివింది పొందిక. "బస: అల్వాల్. కారణం: గుట్టలు వద్దు, ఆ సందులో దోసె బాగుంటుంది." ఆగింది. "సులోచనగారూ, ఈ జవాబులకు ఉమ్మడి సూత్రం దొరకడం లేదు. దోసెను దేని కింద నమోదు చేయాలి?"

శివలీల గడప మీద వెల్లకిలా పడి నవ్వుతోంది. సులోచన పొట్ట పట్టుకుంది.

"నన్నెందుకడుగుతవ్?" అంది. "ఆయన్నే అడుగు."

కొలిచి, వెతికి, తన పట్టికల్లో ఏ గడీ దొరక్క, తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒక రైడరుకు పొందిక ఉత్తరం రాసింది. రాసింది సులోచనకు చదివి వినిపించింది.

"వీరభద్రయ్యగారికి నమస్కారం. మీరు రాసిన దోసె గురించి ఇంకొంచెం చెబుతారా? నాకు తెలియదు."